ఎండలో చూసి కొన్న గిటారు

ఆ రోజు పొద్దున ఎమ్మిగనూరులో ఆదోని బస్సెక్కేటప్పుడు రాజశేఖర్ చేతుల్లో ఒక దుప్పట్ల మూట, ఒక పాత గిటారు ఉన్నాయి. చేతికి దొరకనిది ఇంకొకటి కూడా ఆయనకు ఉండేది గానీ, దాన్ని ఆయన ఎన్నడూ ఆస్తి కింద లెక్క వేయలేదు. లెక్కలో లేని సరుకుకు కాపలా ఉండదు. అది పోయినా సాయంత్రం దాకా తెలియదు.

ఆ మూడోది ఆయన భార్య రూత్ పాట. రోజూ పొద్దున పాలు పొంగి, పొయ్యి కట్టేశాక రూత్ వంటింటి గడప మీద కూచుని, కళ్ళు మూసుకుని ఒక పాట పాడేది. పక్కన ముక్కాలిపీట మీద కూచుని రాజశేఖర్ గిటారు వాయించేవాడు. ఆ తరవాతే దుప్పట్ల అంగడి తలుపు తీసేవాడు. రూత్ గొంతు చిన్నది. చర్చిలో నలుగురితో కలిసి పాడేటప్పుడు ఆమె పెదాలు కదలడం కనిపించేదే తప్ప పాట వినిపించేది కాదు. ఇంట్లో మాత్రం ఆ గిటారు వెనక నిలబడి, గొంతు కొంచెం ధైర్యం తెచ్చుకునేది.

గిటారు కూడా గొప్పదేమీ కాదు. పెళ్ళికి ముందు కొన్నది. ఒకసారి అటక మీదనుంచి పడి పొట్ట పగిలితే, రాజశేఖర్ చింతపిక్కల జిగురు కాచి, నీలం చారల దుప్పటి ముక్క అతికించాడు. భుజానికి వేసుకునే పట్టీ, తువ్వాలు అంచును మడతపెట్టి కుట్టినది. తీగలు మెట్లకు చాలా ఎత్తులో ఉండేవి. దుప్పట్ల బేలుకు తాడు బిగించినంత గట్టిగా నొక్కితే తప్ప పలికేవి కావు. ఆ నొక్కుడుకు ఆయన ఎడమచేతి వేళ్ళు కాయలు కాశాయి. సరిగా నొక్కని చోట గిటారు మూలిగి ఊరుకునేది. ఆయన తప్పులన్నీ ఆ అతుకు వేసిన పొట్టలోనే ఉండిపోయేవి.

రూత్ అక్క కూతురు భారతికి ఆదోనిలో పెళ్ళి కుదిరింది. అక్క ఇప్పుడు లేదు, పోయింది. భారతి ఫోన్ చేసి, "మాయమ్మ పాడే పాట పెండ్లిలో నువ్వు పాడాల చిన్నమ్మా. ఇంగెవురు పాడినా నాకొద్దు" అంది. నలుగురి ముందు ఎన్నడూ పాడని రూత్ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి మొగుడితో, "నువ్వు మన గిటారు ఎత్తుకోని పక్కన కూచుంటే పాడతా. ల్యాకుంటే నా వల్ల కాదు" అంది.

అందుకే ఆ ప్రయాణం. ఆదోనిలో దుప్పట్లు అప్పజెప్పి, మారుతి అంగట్లో గిటారుకు కొత్త తీగలు వేయించుకుని, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావాలి. పథకం అంతే. అందులో నష్టం వచ్చే సందే లేదు.

మారుతి వాయిద్యాల అంగడివాడు. హార్మోనియం నుంచి డప్పు దాకా అన్నీ అమ్ముతాడు. రాజశేఖర్ గిటారు చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఏమన్నా, ఇది ఇంగా పానంతోనే ఉండాదా?"

"నీ అంగడి కంటే వయసులో పెద్దది. మర్యాదగా మాట్లాడు. తీగలు మార్చు, సాలు."

"మారుస్తా. అయితే ఆదోని పెండ్లికి, దుప్పటి అతుకు ఏసిన గిటారు ఎత్తుకోని పోతావా? నువ్వు బట్టల వ్యాపారివి. జనం పాట ఇంటారా, అతుకు సూస్తారా?"

ఈ మాట రాజశేఖర్‌కు తగలవలసిన చోట తగిలింది. అతుకున్న దుప్పటి అంగట్లో ఒక్కటి కనిపించినా ఊరుకునే మనిషి కాదాయన. మారుతి గోడ మీదనుంచి ఎర్రటి కరెంటు గిటారు ఒకటి దించి, దాని వైరును నల్లటి బాక్సులో గుచ్చి, వేలితో మీటాడు. అంగడి అద్దాలు గణగణలాడాయి.

"ఆపప్పా!" అన్నాడు రాజశేఖర్. "ఆ వైరు పీకు. బయటికి తీసకపోయి సూస్తా."

దీని వెనక ఎమ్మిగనూరు బట్టల వ్యాపారుల పద్ధతి ఒకటి ఉంది. అంగడి లోపల చూసి ఎవరూ బట్ట కొనరు. అంగడి దీపం కింద ప్రతి రంగూ బాగానే ఉంటుంది. బట్టను వీధిలోకి తెచ్చి, ఎండలో విప్పి, తడివేలితో రుద్ది, అప్పుడు బేరం మొదలుపెడతారు. అంగడివాడు పెట్టిన దీపమూ, అంగడివాడు పెట్టిన బాక్సూ రాజశేఖర్ లెక్కలో ఒకటే. సరుకు అసలు రూపం తెలియాలంటే వాటిని తీసేయాలి.

ఆయన ఎర్ర గిటారును వీధిలోకి తెచ్చి, ఎండలో అటూ ఇటూ తిప్పాడు. రంగు మంచిది. అతుకు లేదు. తీగలు మెత్తటి నూలులాగా వేలికింద ఒదిగాయి. చెవి దగ్గర పెట్టుకుని మీటాడు. ఎక్కడో దూరంగా ఉన్న గిటారు వినిపించినంత సన్నగా పలికింది. రాజశేఖర్ సంతోషపడ్డాడు. రూత్‌ది చిన్న గొంతు, ఇది చిన్న చప్పుడు. ఇంతకంటే జోడీ ఎక్కడ దొరుకుతుంది?

మారుతి వెనకాలే వచ్చాడు. "అన్నా, వైరు ల్యాకుండా సూస్తే ఎట్ల? బాక్సు గూడా తీసుకోవాల. అది ల్యాకుంటే ఇది పలకదు."

రాజశేఖర్ లోపల నవ్వుకున్నాడు. దుప్పటి కొనడానికి వచ్చినవాళ్ళకు దిండు గలీబులు అంటగట్టే విద్యలో ఆయన చేయి తిరిగినవాడు. "ఇంత బాగా పలుకుతాంటే బాక్సు ఏమిటికప్పా? ఆ మాటలు ఇంగెవురికన్నా సెప్పు."

"నీ ఇష్టం. మళ్ళీ నన్ను అనద్దు."

"పాతదాన్ని ఎత్తుకుంటావా, బదులుకు?"

మారుతి ఎత్తుకున్నాడు. పాత గిటారును బల్ల మీద పెట్టేటప్పుడు తువ్వాలు పట్టీ రాజశేఖర్ చొక్కా గుండీకి తగులుకుంది. దాన్ని విడిపించుకుని వచ్చేశాడు. పట్టీనైనా తెచ్చుకుని ఉండాల్సింది అని బస్సు సగం దారి వచ్చాక అనిపించింది. మరుక్షణమే, బేరంలో వదిలేసినదాన్ని తలుచుకునేవాడు వ్యాపారి కాడని తనకు తానే చెప్పుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఆయన తల్లి ఏసమ్మ వసారాలో మంచం మీద, ఈగల బాధకు ముఖం మీదికి దుప్పటి లాక్కుని నిద్రపోతోంది. రూత్ ఎర్ర గిటారును చూసింది, దాని వెనక చూసింది, రాజశేఖర్ వెనక కూడా చూసింది.

"మనది యాడ?"

"ఇచ్చేసినా. దీనికి బదులు."

"ఇచ్చేసినావా?"

"ఒకసారి ఇను, తరవాత మాట్లాడు" అని ముక్కాలిపీట లాక్కుని కూచున్నాడు. వీధిలో వినిపించిన చప్పుడు ఇంట్లో వినిపించలేదు. రూత్ ఫ్యాను ఆపింది. అయినా లేదు. పక్కింట్లో అయ్యన్న మగ్గం టకటకలాడుతోంది. గిటారు శబ్దాన్ని అదే మింగేస్తోందని ఇద్దరికీ తోచింది. రూత్ గోడ అవతలికి తల వంచి, "అయ్యన్నా, రోంతసేపు మగ్గం ఆపుతావా?" అంది.

ఎందుకో చెప్పలేదు. అదే పొరపాటు.

ఆ వీధిలో మిట్టమధ్యాహ్నం మగ్గం ఆగడమంటే మామూలు సంగతి కాదు. పక్కింట్లో ఎవరైనా పోతేనే, మర్యాదకు ఆపుతారు. అయ్యన్న, పోగును అటూ ఇటూ లాగే నాడెను చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించాడు. ఏసమ్మకు ఈమధ్య ఆయాసం ఎక్కువైన సంగతి వీధికంతా తెలుసు. ఆయన మగ్గం ఆపి, అవతలింటివాళ్ళకు చేయి ఊపాడు. వాళ్ళూ ఆపారు. వాళ్ళను చూసి ఎదురింటివాళ్ళు ఆపారు. కాసేపట్లో వీధి ఈ చివరనుంచి ఆ చివరి దాకా నిశ్శబ్దమైపోయింది.

"సూసినావా, ఇప్పుడు రోంత ఇనపడ్తాండాది" అన్నాడు రాజశేఖర్ తీగలు మీటుతూ. వసారాలోకి ఎవరో వచ్చిన అలికిడి అయింది.

మూలింటి హుసేనమ్మ కాఫీ చెంబుతో వచ్చింది. చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి కాఫీ ఇరుగుపొరుగే తేవాలి. ఆమె వెనక అయ్యన్న, ఆయన వెనక తువ్వాళ్ళు భుజాన వేసుకున్న మగవాళ్ళు. దుప్పటి కప్పుకుని ఉన్న ఏసమ్మను చూసి హుసేనమ్మ చెంబు కింద పెట్టి, "నిన్న గూడా నాతో మాట్లాడితివే అత్తా!" అని గొంతెత్తింది.

దుప్పటి కదిలింది. ఏసమ్మ లేచి కూచుంది. "ఎవురే సచ్చింది?"

అయ్యన్న భుజాన తువ్వాలు సర్దుకుని, "నువ్వే అనుకుంటిమి పెద్దమ్మా" అన్నాడు.

ఏసమ్మ వాళ్ళందరి ముఖాలూ ఒకసారి చూసింది. "వచ్చినోళ్ళు ఇంతమందేనా?" అని అడిగి, "ఆ కాఫీ ఇటియ్యి" అంది.

సంగతి తెలిశాక నవ్వినవాళ్ళు నవ్వారు. అయ్యన్నకు మాత్రం నవ్వు రాలేదు. "ఇంతమందిమి పని ఆపుకోని వచ్చినాము. ఆ పాటన్నా ఇనిపించప్పా" అన్నాడు. రాజశేఖర్ వాయించాడు. ముందు నిలబడిన ఇద్దరు చెవులు దగ్గరికి తెచ్చారు. వెనకవాళ్ళు, "మొదలుపెట్టినాడా?" అని అడిగారు.

గుంపులో షామియానా అంగడి భీమన్న కూడా ఉన్నాడు. "అన్నా, ఇది కరెంటు గిటారు. మైకు మిషను ల్యాకుంటే ఎట్ల పలుకుతాది? నా ఆటోలో ఉండాది, తెస్తానుండు" అన్నాడు. అప్పుడు రాజశేఖర్‌కు మారుతి మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చిన ముఖం మాత్రం ఎవరికీ చూపించలేదు. భీమన్న ఆటో ఆ వారమంతా చీరల తగ్గింపు అమ్మకం గురించి వీధుల్లో చాటుతోంది. దాని నెత్తిన రెండు పెద్ద హారన్లు ఉన్నాయి. ఆయన దాన్ని గడప దాకా తెచ్చి, వైరు గుచ్చి, "ఊఁ" అన్నాడు.

ఏమీ పలకలేదు. గిటారు మీద మూడు బొడిపెలు ఉన్నాయి. బస్సులో చేతికి అడ్డం వస్తున్నాయని రాజశేఖర్ వాటిని కిందికి తిప్పేశాడు. ఆ సంగతి భీమన్నకు తెలియదు. తన మిషనులోనే సత్తువ చాలలేదనుకుని దాన్ని చివరిదాకా పెంచాడు. అదే సమయానికి రాజశేఖర్, ఇవి దేనికో చూద్దామని బొడిపెలు పైకి తిప్పి, బేలు తాడు బిగించే తన పాత బలంతో తీగలు నొక్కి, ఒక్కసారిగా మీటాడు.

ఏసమ్మ కాఫీ ఆమె ఒళ్ళో పడింది. గోడ మీద కోడి పక్కవీధిలోకి ఎగిరిపోయింది. కంగారులో రాజశేఖర్ చేయి తీయబోతే, ఆ తీసిన చప్పుడు కూడా ఊరంతా వినిపించింది. వేలు జారితే ఒక కీచు, గోరు తగిలితే ఒక టపా. అన్నిటికంటే ఘోరం ఆయన నొక్కుడు. మెత్తటి తీగల మీద పాత బలం పడేసరికి ప్రతి స్వరమూ తన చోటు వదిలి పైకి పోతోంది. పాత గిటారు ఆయన తప్పులను కడుపులో పెట్టుకునేది. ఇది ఒక్క తప్పును కూడా ఇంట్లో ఉండనివ్వలేదు.

హారన్ల చప్పుడు విని పక్కవీధి ఆడవాళ్ళు సంచులు పట్టుకుని వచ్చారు. ఆ ఆటో ఎక్కడ అరిస్తే అక్కడ చీరల అమ్మకం అని వాళ్ళకు అలవాటు. "చీరలు యాడ?" అన్నారు. ఇది దుప్పట్ల అంగడని రాజశేఖర్ చెబితే, "సరే, వాటికెంత తగ్గిస్తావు?" అన్నారు. వాళ్ళకు సమాధానం చెప్పే తొందరలో ఆయన తీగ శ్రుతి చేయబోయి ఇంకా బిగించాడు. తీగ టప్పున తెగింది.

"ఏం భయంల్యా" అని అయ్యన్న ముందుకు వచ్చాడు. పడుగులో పోగు తెగితే నేతగాడు ఆలోచించడు, వేళ్ళే పని చేసేస్తాయి. ఆయన తెగిన రెండు కొసలూ కలిపి, ఉమ్మి తడి చేసి, మగ్గం మీద వేసే ముడి వేశాడు. ముడి ఆగింది. మెట్ల మీద పడకుండా పైకి జరిపి బిగించారు. తీగ మళ్ళీ పలికింది. నిజం చెప్పాలంటే ఆ రోజు సరిగా జరిగిన పని అదొక్కటే.

"ఇంగ పాడమ్మా" అన్నారు అందరూ రూత్‌ను చూసి.

రూత్ కళ్ళు మూసుకుంది. నోరు తెరిచింది. రాజశేఖర్ వీలైనంత మెల్లగా మీటాడు. హారన్లకు మెల్లగా అన్నది తెలియదు. ఆమె ఒక్క మాట పలికి ఆగిపోయి, కళ్ళు తెరిచి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన వెనకాలే వెళ్ళాడు. ఆమె ఖాళీ పాలగిన్నెను తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

"దాని పక్కన నా గొంతు నాకే ఇనపడ్ల్యా" అంది. "నేను పెండ్లిలో పాడను."

"భారతికి ఏం సెప్తాము?"

"నువ్వే సెప్పుకో. మన గిటారు ఇచ్చేటప్పుడు నన్నడిగినావా?"

మర్నాడు పొద్దున్నే రాజశేఖర్ ఆదోని బస్సెక్కాడు. అమ్మినవాడి దగ్గరికి వెనక్కి వెళ్ళడం ఆయన జీవితంలో అదే మొదలు. మారుతి అంగట్లో గోడ మీద ఒక బోర్డు ఉంది: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. అలాంటి బోర్డే తన అంగట్లోనూ ఉంది. కిందటి ఏడు మారుతి దాన్ని చూసి, "బలే ఉండాదన్నా, నేను గూడా రాయించుకుంటా" అంటే తానే అక్షరాలు ఎంత పెద్దవి ఉండాలో చెప్పాడు.

"వాపసు కాదప్పా" అన్నాడు రాజశేఖర్. "నా పాతది నాకియ్యి. ఏమి కావాలో తీసుకో."

"అయ్యో అన్నా. నువ్వు బస్సెక్కిన కాసేపటికే ఎవురో పత్తి జిన్నింగు మిల్లు మనిషి ఎత్తుకోని పోయినాడు. వాయించి సూసి, ఇంగ కింద పెట్టల్యా."

"యా మిల్లు?"

"నేనడగల్యా. ఆదోనిలో మిల్లులకేమన్నా కొదవా?" మారుతి నల్లటి బాక్సును మెల్లగా ముందుకు తోశాడు. "ఇది తీసుకోని పో. సన్నగా పెట్టుకోవచ్చు. మొదటి దినమే సెప్తిని."

రాజశేఖర్ బాక్సు కొన్నాడు. కొత్త తీగ మాత్రం కొనలేదు. అయ్యన్న ముడి ఆగుతున్నప్పుడు తీగ మార్చడం దండగ అనుకున్నాడు. అంత జరిగాక కూడా ఆయనలో వ్యాపారి అంతవరకు మిగిలి ఉన్నాడు.

ఆ తరవాత పొద్దులు ఇంట్లో వేరుగా జరిగాయి. పాలు పొంగేవి, రూత్ పొయ్యి కట్టేసేది, గడప దాటి వెళ్ళిపోయేది. రాజశేఖర్ బాక్సు చప్పుడు తగ్గించుకుని, ఒక్కడే వేళ్ళకు కొత్త పాఠం నేర్పుకునేవాడు. నొక్కవద్దు, ఆనించు. లాగవద్దు, తాకు. ఇన్నేళ్ళూ కష్టపడి కాయించుకున్న కాయలు ఇప్పుడు అడ్డం. బలం పెట్టడం నేర్చుకున్నవాడికి దాన్ని తీసేయడం ఎంత కష్టమో ఆయనకు అప్పుడు తెలిసింది. వేళ్ళు కొద్దికొద్దిగా మాట వినసాగాయి. కానీ ఎవరికోసం వింటున్నాయో వాటికి తెలియదు. పాట ఆగిన తరవాతే అంగడి తలుపు తీయడం అలవాటు. పాట లేకపోయేసరికి ఆయనకు తలుపు ఎప్పుడు తీయాలో తోచేది కాదు.

పెళ్ళి దగ్గర పడ్డాక భారతి మళ్ళీ ఫోన్ చేసింది. తల్లి చీరే కట్టుకుంటున్నానని చెప్పింది. రూత్, "పాడతాలే" అంది. ఫోన్ పెట్టేసి మొగుడి వైపు చూడకుండానే, "ఆ బాక్సు సన్నగా పెట్టుకో. నువ్వు మాత్రం నా పక్కనే కూచోవాల" అంది.

పెళ్ళి ఆదోనిలో చర్చి ఆవరణలో, షామియానా కింద జరిగింది. ఏసమ్మ ముందు వరసలో కూచుంది. ఉంగరాలు మార్చుకున్నాక రూత్‌ను వేదిక మీదికి, చర్చి పాటగాళ్ళ వరస ముందుకు పిలిచారు. రాజశేఖర్ బాక్సు మోసుకుని వెళ్ళి చూస్తే, వేదిక మీద ప్లగ్గు లేదు. ఉన్న ఒక్క ప్లగ్గూ కింద, ముందు వరస పక్కన స్తంభానికి ఉంది. వైరు పొట్టిది. ఆయన కుర్చీ కిందే వేసుకోవాల్సి వచ్చింది, రూత్‌కు ఎదురుగా.

"పక్కన కూచుంటానంటివే?" అంది రూత్ పైనుంచి, పెదాలు కదలకుండా.

"ప్లగ్గు ఈడ ఉండాది."

ఆమె కళ్ళు మూసుకుంది. రాజశేఖర్ వేళ్ళు ఆనించి, మీటాడు. ఎర్ర గిటారు కొన్నప్పటినుంచి అంత మంచి స్వరం ఎన్నడూ పలకలేదు. మెత్తగా, నిండుగా, ఎక్కడా కీచు లేకుండా. రూత్ ఊపిరి తీసుకుంది.

కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. మైకు ఆగింది. పాటగాళ్ళ కీబోర్డు ఆగింది. ఎర్ర గిటారులోంచి, మారుతి అంగడి ముందు ఎండలో విన్న ఆ చప్పుడే మళ్ళీ వచ్చింది. ఆ రోజు ఆయనకు అంత నచ్చిన చప్పుడు. రాజశేఖర్ గట్టిగా మీటాడు, ఇంకా గట్టిగా మీటాడు. బొడిపెలు మూడూ చివరిదాకా తిప్పాడు, వంగి బాక్సువి కూడా తిప్పాడు. పక్కనున్న ఏసమ్మ, "ఏం గీకుతాండావురా?" అంది. పైన రూత్ కళ్ళు మూసుకునే ఉంది. వాయింపు కోసం ఎదురుచూస్తోంది. చీర కొంగును ఒక చేత్తో గట్టిగా పట్టుకుంది. పెళ్ళికూతురు ఆమెనే చూస్తోంది.

అప్పుడు రూత్ వెనకనుంచి ఒక గిటారు మొదలైంది.

రాజశేఖర్‌కు చూడకుండానే తెలిసింది. తరవాత చూశాడు. పాటగాళ్ళ వరసలో ఒక మనిషి, భుజాన తువ్వాలు అంచు పట్టీ, పొట్ట మీద నీలం చారల అతుకు. రూత్ వెనక్కి తిరగలేదు. ఆమె భుజాలు కిందికి దిగాయి. కొంగు వదిలేసింది. పాడింది.

మైకు లేదు. ఫ్యాన్ల రొద కూడా లేదు. ఆ చిన్న గొంతు షామియానా చివరి వరస దాకా వెళ్ళింది. ఇన్నేళ్ళూ పక్కన కూచున్న రాజశేఖర్, సగం చెవి తన వేళ్ళ మీదే పెట్టి విన్నాడు. ఎదురుగా కూచుని, చేయడానికి ఏ పనీ లేకుండా వినడం ఇదే మొదలు. అది ఇంత మంచి సరుకని ఆయనకు తెలియదు. భారతి ఏడ్చింది. ఏసమ్మ కళ్ళు తుడుచుకుంది. రాజశేఖర్ వేళ్ళు మాత్రం అలవాటు కొద్దీ చచ్చిన తీగల మీద పాటతోపాటు కదులుతూనే ఉన్నాయి.

పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అంత నిశ్శబ్దం. పాస్టరుగారు తలవంచి, "ప్రార్థన చేసుకుందాము" అన్నారు. రూత్ కళ్ళు తెరిచి, పక్కకు చూసి, తరవాత కిందికి చూసింది. మొగుడు ఎదురుగా, స్తంభం పక్కన ఉన్నాడు. మరి తన వెనక వాయించింది ఎవరు? ఆమె వెనక్కి తిరిగింది.

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. రాజశేఖర్ చేయి ఇంకా కదులుతోంది. బొడిపెలన్నీ చివరిదాకా తిప్పి ఉన్నాయి.

చంటిపిల్లలు ఏడ్చారు. పెళ్ళికొడుకు పూలగుత్తి వదిలేశాడు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టకుండానే ఆమెన్ అన్నారు. చెవులు మూసుకున్న ఏసమ్మ, "హుసేనమ్మను పిలవండి. ఈసారి కాఫీ తేవాల్సిందే" అంది.

భోజనాల దగ్గర రాజశేఖర్ ఆ మనిషిని వెతికి పట్టుకున్నాడు. పేరు జయరాం. జిన్నింగు మిల్లులో పని. ఆ చర్చిలో పాటలకు గిటారు వాయించేది ఆయనే, ఆ పాటా ఆయనకు వచ్చినదే.

"అది నాది" అన్నాడు రాజశేఖర్. "అంటే, నాదిగా ఉండె. ఈ ఎర్రది తీసుకో, బాక్సు తీసుకో. అది నాకిచ్చేయప్పా."

జయరాం ఎర్ర గిటారును చేతిలోకి తీసుకుని ముద్దుగా చూశాడు. వైరు ఉన్న చోటికి కాకుండా, షామియానా దాటి ఎండలోకి తీసుకుపోయాడు. చెవి దగ్గర పెట్టుకుని మీటాడు. తిరిగి వచ్చి ఇచ్చేశాడు.

"కరెంటు ఉంటే బాగనే ఉంటాదన్నా. మనకు కరెంటు ఎప్పుడు ఉంటాది, ఎప్పుడు పోతాది? నాది నాకు సాలు." తరవాత కొంచెం మొహమాటంగా, "ఎవురో బాగా సూసుకున్న గిటారు అని ఆ దినమే అనుకున్యా" అన్నాడు.

బేరంలో అంత చక్కగా ఓడిపోవడం రాజశేఖర్‌కు అదే మొదలు. ఓడించింది కూడా తన పద్ధతే.

తిరుగు బస్సులో రూత్ కిటికీ పక్కన కూచుంది. ఎమ్మిగనూరు దగ్గర పడుతుండగా అంది: "నువ్వే వాయిస్తాండావు అనుకున్యా. ఈ దినం ఒక్క తప్పు ల్యాకుండా వాయించినాడే అని సంబరపడితి."

రాజశేఖర్ ఒళ్ళో గిటారు, కాళ్ళ దగ్గర బాక్సు.

మర్నాడు పాలు పొంగాక, రూత్ పొయ్యి కట్టేసి, గడప మీద కూచుంది. ఆయన వైరు గుచ్చబోతే, "వద్దు" అంది. "అట్లనే వాయించు."

"ఇనపడదు కదా."

"ఇనపడకుంటే సూస్తా."

అప్పటినుంచీ అట్లాగే నడుస్తోంది. గిటారు వినపడదు కాబట్టి, తాళం తప్పకుండా ఉండాలంటే రూత్ ఆయన చేతిని చూస్తూ పాడాలి. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని పాడిన మనిషి ఇప్పుడు కళ్ళు తెరిచి పాడుతోంది. అయితే పాట మధ్యలో, పాత గిటారు మూలిగి జవాబిచ్చే చోటు రాగానే, ఆమె అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగుతుంది. అక్కడ ఏమీ రాదు. మళ్ళీ అందుకుంటుంది. ఆ ఒక్క క్షణం దగ్గర ప్రతి పొద్దునా రాజశేఖర్ తల వంచుకుంటాడు. ఆ ఖాళీని నింపే సరుకు ఆదోనిలో ఒకే ఒక్కటి ఉంది. దాన్ని ఆయనే బదులుకు ఇచ్చేశాడు.

లెక్క తేల్చి చూస్తే, గిటారు పోయింది, పట్టీ పోయింది, తప్పులు దాచుకునే చోటు పోయింది. నేతముడి వేసిన తీగ ఒకటి మిగిలింది, అది ఇంకా ఆగుతోంది. భార్య తన చేతి వైపు చూడడం కొత్తగా వచ్చింది. బాక్సు కూడా వృథా పోలేదు. ముక్కాలిపీట బదులు రాజశేఖర్ ఇప్పుడు దాని మీదే కూచుని వాయిస్తున్నాడు.